మూడు తాళంచెవుల నాటకం

హంతకుడెవరో మొదటి అంకంలోనే చెప్పేసే నాటకం 'డయల్ ఎం ఫర్ మర్డర్'. చంపించేది భర్త. చావాల్సింది భార్య. చంపడానికి ఒప్పుకున్నవాడు ఆ భర్తకు చదువుకునే రోజుల్లో తెలిసినవాడు. రేటు వెయ్యి పౌన్లు. ఏ తలుపులోంచి రావాలి, ఏ కర్టెన్ వెనక నిలబడాలి, ఫోన్ ఎప్పుడు మోగుతుంది, అన్నీ మన ముందే మాట్లాడుకుంటారు. ఇక దాచడానికేముంది అనిపిస్తుంది. ఒక తాళంచెవి ఉంది. అది ఎవరిది, ఎక్కడుంది అన్న ఒక్క విషయం మీద మూడు అంకాలూ నిలబడతాయి. ఈ వ్యాసంలో ఆ సంగతి చెప్పక తప్పదు. కాబట్టి నాటకం గానీ సినిమా గానీ చూడాలనుకునేవాళ్లు చూసొచ్చాకే ఇది చదవడం మంచిది.

రాసినవాడు ఫ్రెడరిక్ నాట్. ఇంగ్లిష్‌వాడే గానీ పుట్టింది 1916లో, చైనాలోని హాంకౌలో. నాటకాన్ని లండన్ నిర్మాతలు వద్దంటే 1952 మార్చిలో మొదట బీబీసీ టెలివిజన్లో వచ్చింది. అది చూశాక రంగస్థలం వాళ్లకు కళ్లు తెరుచుకున్నాయి. అదే ఏడాది జూన్‌లో లండన్ వెస్ట్‌మినిస్టర్ థియేటర్లో, అక్టోబర్‌లో న్యూయార్క్ బ్రాడ్వేలో తెర లేచింది. బ్రాడ్వేలో 552 ప్రదర్శనలు నడిచింది. 1954లో హిచ్‌కాక్ తీసిన సినిమాలో భార్య పాత్ర గ్రేస్ కెల్లీది. మన దేశంలో 1985లో హిందీలో 'ఐత్‌బార్'గా, తమిళంలో సత్యరాజ్ నటించిన 'సావి'గా ఇదే కథ తెరకెక్కింది. నాట్ ఎక్కువ రాయలేదు. పేరు తెచ్చినవి మూడే నాటకాలు. ఆ మూడింటితోనే జీవితం హాయిగా వెళ్లిపోయింది. న్యూయార్క్‌కి దూరంగా, సొంత భవనం, సొంత వడ్రంగి షెడ్డు, ఏడాది పొడుగునా టికెట్లు ముందే కొనుక్కునే ప్రేక్షకులు ఉన్న అమెరికన్ ప్రాంతీయ థియేటర్లు ఈ నాటకాన్ని ఇప్పటికీ వదల్లేదు. ఒకే సెట్టు, అయిదు ముఖ్య పాత్రలు. ఖర్చు లెక్కలు చూసుకునేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? కానీ చవకలో అయ్యే నాటకాలు చాలానే ఉన్నాయి. డెబ్బై ఏళ్లుగా ఇదే నిలబడిందంటే కారణం దాని లోపలి పనితనంలో ఉంది.

ముందు గదిని చూద్దాం. లండన్‌లోని మైడా వేల్ ప్రాంతంలో, కింది అంతస్తు ఫ్లాట్. ఒక పక్క తోటలోకి తెరుచుకునే గాజు తలుపులు, వాటికి బరువైన కర్టెన్లు, దగ్గర్లో బల్ల, బల్ల మీద ఫోన్. ఇంకో పక్క పడకగది తలుపు. మూడోది వీధి వైపు తలుపు. దాని అవతల నడవా, పై అంతస్తుకి వెళ్లే మెట్లు, మెట్ల మీద తివాచీ. ఈ మూడో తలుపుకి ఉన్నది మనం నైట్‌ల్యాచ్ అనే తాళం. లాగి వేస్తే చాలు, దానంతటదే పడిపోతుంది. బయటినుంచి తెరవాలంటే తాళంచెవి ఉండాలి. లోపలినుంచి పిడి తిప్పితే చాలు, తాళంచెవితో పనిలేదు. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి. నాటకమంతా దానిమీదే తిరుగుతుంది. ఎవరూ దాన్ని పనిగట్టుకుని చెప్పరు, ఎందుకంటే అలాంటి తాళం ఇంట్లో ఉన్న ప్రతివాడికీ అది తెలిసిందే. ఇంకో సంగతి: ఈ తాళంచెవులన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

భర్త టోనీ వెండిస్ ఒకప్పటి టెన్నిస్ ఆటగాడు. డబ్బు భార్య మార్గోది. ఆమెకు మ్యాక్స్ హాలిడే అనే అమెరికన్ రచయితతో ప్రేమ ఉండేది. అతను టెలివిజన్‌కి నేరకథలు రాసి బతుకుతాడు. మ్యాక్స్ రాసిన ఒక ఉత్తరాన్ని టోనీ ఎప్పుడో దొంగిలించి దగ్గర పెట్టుకున్నాడు. పేరు చెప్పకుండా దాంతో భార్యనే బెదిరించాడు. ఇప్పుడు లెస్‌గేట్ అనే పాత పరిచయస్తుణ్ణి, కారు కొంటానన్న సాకుతో ఇంటికి పిలుస్తాడు. ఈ మనిషి చేసిన దొంగపనులన్నీ టోనీ చాలా రోజులుగా వెంటపడి కూడబెట్టుకున్నాడు. మాటల మధ్యలో ఆ ఉత్తరం కింద పడుతుంది. లెస్‌గేట్ మర్యాదకు వంగి తీసి ఇస్తాడు. అంతే, దానిమీద అతని వేలిముద్రలు పడ్డాయి. అతను కాదంటే ఆ ఉత్తరాన్ని పోలీసులకిచ్చి బ్లాక్‌మెయిలర్ ఇతనేనని చెప్పొచ్చు. ఉత్తరం ఉరితాడైంది. ఇదే ఉత్తరం రెండో అంకంలో ఇంకో పని కూడా చేస్తుంది. నాట్ దగ్గర ఏ వస్తువూ ఒక్కసారి కనబడి మాయమైపోదు. మంచి వంటమనిషి చింతపండు గుజ్జు తీశాక పిప్పిని కూడా ఇత్తడి గిన్నెలు తోమడానికి దాచినట్టు, ప్రతిదాన్నీ రెండోసారి వాడతాడు.

పథకం ఇది. ఆ రాత్రి టోనీ, మ్యాక్స్ కలిసి మగవాళ్ల విందుకి వెళ్తారు. బయల్దేరేముందు టోనీ భార్యను మాటల్లో పెట్టి, ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి తాళంచెవి తీస్తాడు. బయటికి వెళ్తూ దాన్ని నడవాలో మెట్ల మీది తివాచీ కింద పెడతాడు. లెస్‌గేట్ వచ్చి, దాన్ని తీసుకుని, తలుపు తెరుచుకుని, కర్టెన్ వెనక దాక్కుంటాడు. పదకొండింటికి విందు నుంచి టోనీ ఇంటికి ఫోన్ చేస్తాడు. మార్గో లేచొచ్చి ఫోన్ ఎత్తుతుంది. వెనకనుంచి గొంతు బిగించడం లెస్‌గేట్ పని. అయిపోయాక ఫోన్‌లో చిన్నగా ఈల వేయాలి, తోట తలుపు తెరిచి దొంగ అటునుంచి వచ్చినట్టు కనబడేలా చేయాలి, వీధి తలుపులోంచి వెళ్లిపోతూ తాళంచెవిని తీసినచోటే పెట్టేయాలి. టోనీ తిరిగొచ్చి దాన్ని తీసి మళ్లీ భార్య హ్యాండ్‌బ్యాగ్‌లో వేసేస్తాడు. శవం పక్కన ఆమె తాళంచెవి ఆమె బ్యాగులోనే ఉంటే వీధి తలుపు మీద ఎవరికి అనుమానం వస్తుంది?

ఎంత నున్నటి పథకమో చూడండి. ఒక మనిషి రెండు చోట్ల ఉండాల్సిన పనిని ఒక తాళంచెవి, ఒక టెలిఫోన్ పంచుకున్నాయి. అందుకే మొదటి అంకంలో ప్రేక్షకుడు, ఇష్టమున్నా లేకపోయినా, టోనీ పక్షాన లెక్కలు వేయడం మొదలుపెడతాడు. మార్గో ఇంట్లో ఉండకుండా సినిమాకి వెళ్తానంటే మనకే కంగారు పుడుతుంది. ఇది నాట్ మనమీద వేసిన మొదటి వల. దుర్మార్గుడి పనితనాన్ని మెచ్చుకునేలా చేసి, అతని కళ్లతోనే గదిని చూడడం అలవాటు చేస్తాడు. తర్వాత అతని కంటికి కనబడనిది మనకీ కనబడకుండా పోతుంది.

మార్గోను ఇంట్లో ఉంచడానికి టోనీ ఒక పని పురమాయిస్తాడు. తన టెన్నిస్ రోజుల పత్రికా వార్తలు కత్తిరించి ఆల్బంలో అంటించమంటాడు. కత్తిరించడానికి కత్తెర కావాలి కదా. చీకట్లో ఫోన్ దగ్గర గొంతు బిగుసుకుంటున్నప్పుడు వెనక్కి చాచిన ఆమె చేతికి తగిలేది ఆ కత్తెరే. లెస్‌గేట్ వీపులో దిగబడుతుంది. వెల్లకిలా పడినప్పుడు ఇంకా లోతుకి పోతుంది. చంపాల్సినవాడు చచ్చాడు, చావాల్సినామె బతికింది. ఫోన్ అవతల టోనీకి వినబడింది ఈల కాదు, భార్య గొంతు.

ఇక్కడ నాసిరకం రచయిత అయితే టోనీ చేత చెమటలు పట్టిస్తాడు. నాట్ అతనికి ఇంకా పని పెడతాడు. దేన్నీ ముట్టుకోవద్దని ఫోన్లోనే చెప్పి టోనీ ఇంటికొస్తాడు. పోలీసులొచ్చేలోగా ఉన్న కాసేపట్లో కుప్పకూలిన పథకాన్ని తిరగేసి కొత్తది కడతాడు. శవం జేబులోంచి తాళంచెవి తీసి భార్య హ్యాండ్‌బ్యాగ్‌లో వేస్తాడు. మ్యాక్స్ ఉత్తరాన్ని శవం జేబులో పెడతాడు. దానిమీద లెస్‌గేట్ వేలిముద్రలు ఇదివరకే ఉన్నాయి! మొదటి అంకంలో లెస్‌గేట్‌ని లొంగదీసుకున్న ఉత్తరం ఇప్పుడు అతన్ని మార్గోను బెదిరిస్తున్న బ్లాక్‌మెయిలర్‌గా మార్చేసింది. మార్గో అతన్ని తనే లోపలికి రానిచ్చి, ఉత్తరం కోసం చంపేసి, దొంగ కథ అల్లిందని పోలీసులు అనుకోవాలి. అలాగే అనుకుంటారు. పైగా టోనీ అబద్ధం కాని ఒక నిజం వాళ్లకు సాయపడుతుంది. తోటలోంచి వస్తే బూట్లకు మట్టి ఉండాలి. లెస్‌గేట్ బూట్లకు అంటుకున్నది వీధి తలుపు దగ్గర పరిచిన కొబ్బరిపీచు పట్ట పోగులు. అంటే వీధి తలుపులోంచే వచ్చాడు, ఎవరో తలుపు తీశారు. మార్గోకు ఉరిశిక్ష పడుతుంది.

1952లో ఇంగ్లండ్ ప్రేక్షకులకు ఇది నాటకంలో మాట కాదు. హత్యకు ఉరి అప్పుడు నిజమే. 1955లో లండన్‌లో రూత్ ఎలిస్ అనే ఆమెను ఉరితీశారు. ఆ దేశంలో ఉరికంబం ఎక్కిన చివరి స్త్రీ ఆమె. కాబట్టి చివరి అంకం ఉరికి ముందు రోజున నడుస్తుందంటే హాల్లో గాలి బిగిసిపోయేది. ఈ రోజుల్లో దర్శకులు ఆ ఒత్తిడిని దీపాలతోనూ సంగీతంతోనూ పుట్టించాల్సి వస్తోంది.

ఇప్పుడు అసలు తప్పు. లెస్‌గేట్ జేబులో టోనీకి దొరికిన తాళంచెవి మార్గోది కాదు. అది లెస్‌గేట్ సొంత ఇంటిది.

మార్గో తాళంచెవి ఏమైంది? మెట్ల మీద తివాచీ కిందే ఉంది. పథకం ప్రకారం వెళ్లేటప్పుడు పెట్టాలి. లెస్‌గేట్ తలుపు తెరిచాడు, లోపలికి అడుగు పెట్టకముందే తాళంచెవిని తీసినచోట పెట్టేశాడు, ఆ తర్వాత లోపలికొచ్చాడు. ఎందుకు పెట్టడు? నైట్‌ల్యాచ్ లోపలినుంచి పిడి తిప్పితే తెరుచుకుంటుంది. తిరిగి వెళ్లడానికి తాళంచెవి అక్కర్లేదు. ఒక మనిషిని చంపి పారిపోయేటప్పుడు మెట్ల దగ్గర వంగి తివాచీ ఎత్తడం కంటే, ఎవరూ లేనప్పుడే ఆ పని ముగించుకోవడం తెలివైనవాడి పద్ధతి. టోనీ పథకంలో ఏ తప్పూ లేదు. అద్దెకు తెచ్చుకున్న మనిషి, చెప్పినదానికంటే పిసరంత జాగ్రత్తగా చేశాడు, అంతే. పథకం వేసినవాణ్ణి ముంచింది కూలివాడి నిర్లక్ష్యం కాదు, వాడి బుద్ధి. దీన్ని కనిపెట్టినందుకే నాట్‌కి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

మరి మనం ఎందుకు పట్టుకోలేదు? మనం కూర్చున్నది గదిలోపల. రంగస్థలం మీద గదికి నాలుగో గోడ ఉండదు, అక్కడినుంచి మనం చూస్తాం. కానీ నడవా గోడ అవతల ఉంది. తాళంలో తాళంచెవి తిరిగిన చప్పుడు వింటాం, తలుపు తెరుచుకోవడం చూస్తాం, మనిషి రావడం చూస్తాం. తెరవడానికీ రావడానికీ మధ్య ఓ క్షణం ఆలస్యమవుతుంది. అది భయంతోనో జాగ్రత్తతోనో ఆగడమని మనకు మనమే చెప్పుకుంటాం. నాటకంలోని అతి ముఖ్యమైన పని మన కళ్లముందు, మనకు కనబడని చోట జరిగిపోయింది. రచయిత ఒక్క అబద్ధమూ ఆడలేదు. అపరాధ పరిశోధన కథల్లో పాఠకుడికి న్యాయం చేయాలంటారు కదా, ఇంతకంటే న్యాయంగా మోసం చేయడం నేనెక్కడా చదవలేదు. నవల్లో అయితే ఇది కుదరదు. 'అతను తలుపు తెరిచి లోపలికి వచ్చాడు' అని రాస్తే, ఏదో వదిలేశారని పాఠకుడు తర్వాత నిలదీస్తాడు. నాటకంలో ఆ వదిలేసే పనిని గోడే చేసిపెట్టింది.

ఇన్‌స్పెక్టర్ హబ్బర్డ్ ఈ ముడిని విప్పే తీరు కూడా వస్తువుల మీదుగానే నడుస్తుంది. మార్గో బ్యాగులో ఉన్న తాళంచెవి ఆమె ఇంటి తలుపుకి పట్టదు. చనిపోయినవాడి దగ్గరేమో తాళంచెవే లేదు. ఇల్లున్న మనిషి ఎవడైనా తాళంచెవి లేకుండా రాత్రిపూట బయటికి వెళ్తాడా? రెండు ఖాళీలనూ పక్కపక్కన పెడితే లెక్క తేలుతుంది. బ్యాగులో ఉన్నది అతనిది. మరి ఆమెది ఎక్కడ? హబ్బర్డ్ వెతికి మెట్ల మీద పట్టుకుంటాడు. తీసి మళ్లీ అక్కడే పెట్టేస్తాడు. అది అక్కడుందని ఎవరికి తెలుసో వాళ్లే నేరస్థులు. ఇక పరీక్ష మిగిలింది.

పరీక్ష రెండు భాగాలు. జైలు నుంచి మార్గోను తీసుకొచ్చి, హ్యాండ్‌బ్యాగ్ చేతికిచ్చి, ఇంటి ముందు వదిలేస్తారు. ఆమె బ్యాగులోని తాళంచెవి పెట్టి తిప్పుతుంది. తిరగదు. అర్థం కాక తోటవైపు నుంచి చుట్టూ తిరిగి వస్తుంది. మెట్ల వైపు చూడనే చూడదు. ఆమె నిర్దోషి. తర్వాత ఆ బ్యాగును ఆగమేఘాల మీద పోలీస్‌స్టేషన్‌కి పంపించేస్తారు, టోనీ వచ్చి తీసుకెళ్లేందుకు. టోనీకి అది ఎందుకు కావాలి? హబ్బర్డ్ ముందే అతని రెయిన్‌కోటును తన రెయిన్‌కోటుతో మార్చేశాడు, టోనీ తాళంచెవి ఆ కోటులో ఉండిపోయింది. నా మటుకు నాకు ఈ రెయిన్‌కోటు కాస్త అతికించినట్టే కనబడుతుంది. ఇద్దరివీ ఒకేలా ఉండడం కథకు అవసరమై వచ్చిన పోలిక. హత్యకూ అరెస్టుకూ మధ్య మార్గో తన తాళంచెవితో ఇల్లు తెరుచుకోవాల్సిన అవసరమే రాకపోవడం కూడా అంతే. నాట్ అక్కడ కాలాన్ని బాగా కుదించి, ఆ ప్రశ్న మనకు తట్టేలోపు ఆమెను పోలీసుల చేతిలో పెట్టేస్తాడు. కుట్టు కనబడుతుంది గానీ తెగదు.

వీటి మధ్యలో నవ్వొచ్చే ముక్క ఒకటుంది. మార్గోను కాపాడాలని మ్యాక్స్ తన వృత్తినే ఉపయోగిస్తాడు. లెస్‌గేట్‌ని నువ్వే మాట్లాడుకున్నావని పోలీసులకు చెప్పు, నీకు జైలుతో పోతుంది, ఆమె ప్రాణం దక్కుతుంది అని ఒక కథ అల్లి టోనీకి వినిపిస్తాడు. ఆ కల్పిత కథ దాదాపు అక్షరాలా జరిగినదే. టోనీ ముఖంలో రంగు మారకుండా వినాలి, అదంతా కట్టుకథ అని కొట్టిపారేయాలి. మంచి నటుడికి ఇది నాటకంలోకెల్లా కఠినమైన చోటు, ఎందుకంటే ఇక్కడ అతనికి మాటలకంటే వినడమే ఎక్కువ. లెస్‌గేట్‌కి ఇవ్వాలని కూడబెట్టిన నోట్లు బయటపడినప్పుడు కూడా టోనీ అదే వరసలో గట్టెక్కుతాడు. అవి మార్గో బ్లాక్‌మెయిలర్‌కి ఇవ్వాలనుకున్నవంటాడు. సాక్ష్యం తిరగబడి మళ్లీ ఆమె మీదే పడుతుంది. తనకు వ్యతిరేకంగా వచ్చిన ప్రతి వస్తువునూ ఇలా తిప్పగలిగినవాడు తాళంచెవిని తిప్పలేకపోయాడు. ఎందుకంటే అది తప్పుడు తాళంచెవి అని అతనికి తెలియదు.

చివరి ఘట్టంలో గదిలో హబ్బర్డ్, మార్గో, మ్యాక్స్ చప్పుడు చేయకుండా కాచుకుని ఉంటారు. బయట అడుగులు. తాళంలో తాళంచెవి దూరుతుంది, తిరగదు. మళ్లీ ప్రయత్నం. అడుగులు దూరమవుతాయి. వెళ్లిపోతున్నాడు. వెళ్లిపోతే కేసు లేదు. అడుగులు ఆగుతాయి. ఆ ఆగడంలో టోనీ బుర్ర తిరుగుతోందని మనకు తెలుసు: ఇది ఆమెది కాకపోతే ఎవరిది, అతనిదైతే ఆమెది ఎక్కడ... అడుగులు వెనక్కి వస్తాయి. ఈసారి తాళం తిరుగుతుంది. తలుపు తెరుచుకుంటుంది. రెండో అంకంలో లెస్‌గేట్ చేసిన పని మనకు కనబడలేదు. మూడో అంకంలో టోనీ అదే పనిని తిరగేసి చేస్తున్నప్పుడు కూడా కనబడదు, కానీ ఇప్పుడు గోడ అవతల ఏం జరుగుతోందో అణువణువూ తెలుసు. అదే గోడ, అదే తలుపు, అదే చప్పుడు. బ్రాడ్వేలోనూ సినిమాలోనూ హబ్బర్డ్‌గా నటించిన జాన్ విలియమ్స్‌కి ఈ పాత్ర టోనీ అవార్డు తెచ్చింది.

2022లో శాన్‌డియేగోలోని ఓల్డ్ గ్లోబ్ థియేటర్ కోసం జెఫ్రీ హ్యాచర్ ఈ నాటకాన్ని తిరగరాశాడు. మ్యాక్స్ అనే మగవాడు మ్యాక్సిన్ అనే రచయిత్రి అయింది, టోనీ ఆమె పుస్తకాలకు ప్రచారం చేసిపెట్టేవాడయ్యాడు. ఇద్దరాడవాళ్ల మధ్య ప్రేమ అంటే 1952 లండన్‌లో ఆ ఉత్తరం బయటపడడం మార్గోకు ఇంకా ప్రమాదం. బ్లాక్‌మెయిల్‌కి బలం పెరిగింది. ఆ పాఠం అమెరికాలో చాలా ప్రాంతీయ థియేటర్లకు పాకింది. మనుషుల్ని మార్చిన హ్యాచర్ తాళంచెవిని మాత్రం మార్చలేదు. అది తీస్తే నాటకం లేదు కదా.

ఇలాంటి థియేటర్లో సెట్టు కట్టే వడ్రంగికి ఈ నాటకం పరీక్షే. గుడ్డ బిగించిన చట్రాలతో గోడలు లేపితే, తలుపు వేసినప్పుడల్లా గోడ ఊగుతుంది, నైట్‌ల్యాచ్ పడిన చప్పుడు బోలుగా వినబడుతుంది. కాబట్టి తలుపు బరువుగా ఉండాలి, చట్రాన్ని వెనకనుంచి గట్టిగా బిగించాలి, తాళం నిజమైనదై ఉండాలి. పట్టని తాళంచెవి నిజంగానే పట్టకూడదు. నటుడు పట్టనట్టు నటిస్తే చివరి వరస ప్రేక్షకుడికి కూడా చెవిలో తేడా తెలిసిపోతుంది. ఒకేలా కనబడే మూడు తాళంచెవులకు ప్రాపర్టీ బల్ల మీద మూడు గళ్లు గీసి పేర్లు రాసుకోవాలి. ప్రేక్షకుడికి తెలియకూడని తేడా పనివాళ్లకు తెలియాలి.

ఇంకొక్కటి. లెస్‌గేట్ వేషం వేసే నటుడు తలుపు తెరిచాక గోడ వెనక ఆ తాళంచెవిని నిజంగానే తివాచీ కింద పెట్టాలా, లేక సహాయకుడి చేతికిచ్చేసి లోపలికి వచ్చేయొచ్చా? నన్నడిగితే నిజంగా పెట్టాలి. తలుపు తెరుచుకోవడానికీ మనిషి కనబడడానికీ మధ్య ఎంతసేపు పట్టాలో అప్పుడే సరిగ్గా కుదురుతుంది, చివర్లో టోనీకి పట్టే సమయంతో అది సరిపోతుంది. కాకపోతే ఇంటర్వెల్‌లో స్టేజ్ మేనేజర్ ఒకసారి వెళ్లి తివాచీ ఎత్తి చూసుకోవాలి. అది అక్కడ లేకపోతే ఆ రాత్రికి టోనీ దొరకడు.